ముందు తారు లెక్క చెప్పండి

బొగ్గును గ్యాసుగా మార్చి ఎరువులు తీస్తాం, మిథనాల్ తీస్తాం, విదేశీ గ్యాసు భారం దించుకుంటాం అని వేదిక మీద వేదిక ఎక్కి చెబుతున్నారు. ఆ ఉపన్యాసాల్లో బొగ్గు ఉంటుంది, గ్యాసు ఉంటుంది, కోట్ల లెక్క ఉంటుంది. తారు మాత్రం ఉండదు. బొగ్గును వేడి చేస్తే గ్యాసుతో పాటు తారూ పుడుతుందని రసాయనశాస్త్రం చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. ఆ తారు ఎంత వస్తుంది, ఎక్కడికి పోతుంది, దాన్ని విరగ్గొట్టే బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసివ్వకుండా ఒక్క గ్యాసిఫయర్ కూడా వెలగడానికి వీల్లేదు. నా వాదన అంతా ఇదే.

తిరువూరులో కూర్చున్నవాడికి బొగ్గు గొడవ ఎందుకని అడిగేవాళ్లుంటారు. మ్యాపు తీసి చూడమంటాను. పైన సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్నాయి. కొత్తగూడెం నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగా మైలవరం దాటి ఇబ్రహీంపట్నం చేరుతుంది. అక్కడి థర్మల్ స్టేషన్ 1979 నుంచి బొగ్గు మండిస్తూనే ఉంది. తూర్పున చింతలపూడి ఉంది. గోదావరి లోయ బొగ్గు పొరల్లో ఒక భాగాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు చింతలపూడి ఉప బేసిన్ అనే పిలుస్తారు. బొగ్గు మా పక్కింటి సంగతి. రేపు మా కాళ్ల కింది సంగతి కావచ్చు. మాట్లాడే హక్కు మాకు కాక ఇంకెవరికుంది?

తారు అంటే నల్లటి జిగురు ద్రవం అనుకుని వదిలేస్తే పొరపాటు. బెంజీన్, టోలుయీన్, ఫీనాల్, నాఫ్తలీన్, ఆ పైన మూడు, నాలుగు, ఐదు వలయాలు అతుక్కున్న బరువైన అణువులు, ఇలా వందల పదార్థాల మూట అది. ఆ మూటలో విషముందని ప్రపంచానికి తెలిసి వందేళ్లు దాటింది. లండన్‌లో పొగగొట్టాలు తుడిచే పిల్లలకు పెద్దయ్యాక వచ్చే కేన్సర్‌కు మసే కారణమని పెర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు. 1915లో జపాన్ శాస్త్రవేత్తలు యామగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి కోల్‌తారు పూసి కేన్సర్ పుట్టించి చూపారు. ఆ తర్వాత 1930లలో బెంజోపైరీన్ అనే దోషిని తారులోంచే విడదీసి పట్టుకున్నారు. అంతా తేలిపోయిన విషయం. ఇక తేలాల్సింది మన పాలకుల మనస్సాక్షి.

యంత్రానికీ తారు శత్రువే. గ్యాసు వేడిగా ఉన్నంతసేపు తారు ఆవిరిగా కనపడకుండా ప్రయాణిస్తుంది. వేడి మూడు నాలుగు వందల డిగ్రీలకు దిగేసరికి బరువైన భాగం గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పైపుల్లో పేరుకుంటుంది, వాల్వులను పట్టేస్తుంది, ఇంజన్లను ఆపేస్తుంది, మిథనాల్ తయారుచేసే సున్నితమైన ఉత్ప్రేరకాలను చంపేస్తుంది. గ్యాసుతో ఇంజన్ నడపాలంటే ఘనపు మీటరులో తారు 100 మిల్లీగ్రాములు దాటకూడదని ఈ రంగంలో మామూలుగా చెప్పే హద్దు. కట్టెలు, పొట్టు వేసి గ్యాసు కిందినుంచి పైకి తీసే పాతరకం గ్యాసిఫయర్లలో అదే ఘనపు మీటరుకు పదుల గ్రాముల తారు వస్తుంది. హద్దుకూ వాస్తవానికీ మధ్య వందల రెట్ల దూరం. ఆ దూరాన్ని మన దేశంలో ఎలా పూడుస్తున్నారు? నీళ్లతో కడుగుతున్నారు. కడిగితే తారు పోదు, నీళ్లలోకి మారుతుంది. గాలి సమస్యను చెరువు సమస్యగా మార్చి, శుభ్రం చేశామని సంతకం పెడుతున్నారు.

దీని పర్యవసానం తెలియాలంటే గుజరాత్‌లోని మోర్బీని చూడాలి. మన ఇళ్లలో పరుచుకునే టైల్స్‌లో చాలా భాగం అక్కడివే. వాటిని కాల్చే కొలుములకు చౌకగా గ్యాసు కావాలని బొగ్గు గ్యాసిఫయర్లు పెట్టారు. తారు, ఫీనాల్ కలిసిన నీళ్లు నేలమీదికి వచ్చాయి. చివరికి 2019 మార్చిలో జాతీయ హరిత ట్రైబ్యునల్ మోర్బీ, వాంకానేర్ ప్రాంతంలోని బొగ్గు గ్యాసిఫయర్లన్నీ మూసేయమని ఆదేశించింది. పరిశ్రమ దెబ్బతింది, నేలా దెబ్బతింది. తారు లెక్క ముందే అడిగి ఉంటే ఈ రెండు నష్టాలూ తప్పేవి. ఇంత పెద్ద పాఠం కళ్లముందుండగా మళ్లీ అదే దారిలో నడవడం తెలియనితనం కాదు, తెగింపు.

మన బొగ్గుకు ఈ సమస్య ఎందుకు తప్పదో కూడా సూటిగా చెప్పుకోవాలి. పదహారు వందల డిగ్రీల దాకా వేడెక్కించే గ్యాసిఫయర్లలో తారు మిగలదు, అంతా విరిగిపోతుంది. ఆ దారి మనవాళ్లు తొక్కి చూశారు. రామగుండం ఎరువుల కర్మాగారంలో కోపర్స్ టోట్జెక్ పద్ధతిలో సింగరేణి బొగ్గును గ్యాసు చేసి యూరియా తీశారు. 1980లో ఉత్పత్తి మొదలైంది, 1999లో కర్మాగారం మూతపడింది. బూడిద ఎక్కువున్న బొగ్గు, కరెంటు కోతలు, యంత్రాల ఇబ్బందులు కలిసి దాన్ని తినేశాయి. అదే చోట 2021లో మళ్లీ యూరియా మొదలైంది గానీ బొగ్గుతో కాదు, సహజవాయువుతో. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిద ఉండటం మామూలు. ఆ బూడిదంతా కరిగించాలంటే ఆక్సిజన్, కరెంటు దండగ. అందుకే హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్ పరిశోధకులు వేడి తక్కువుండే ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతిని పట్టుకున్నారు. ఎక్కువ బూడిద ఉన్న బొగ్గు నుంచి రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే ప్లాంటును 2022 జనవరిలో జాతికి అంకితం చేశారు. అది గర్వించదగ్గ పని. కానీ వేడి తగ్గించుకున్న చోట తారు తిరిగొస్తుంది. బూడిద నుంచి తప్పించుకునే దారి తారు దగ్గరికే తీసుకెళుతుంది. మన బొగ్గుకు రాసిపెట్టిన రాత ఇది. దీన్ని దాచి గ్యాసిఫికేషన్ గురించి మాట్లాడటం ప్రజలను మోసగించడమే.

తారు సంగతి మనకు కొత్త చదువేమీ కాదు. 1944లో హైదరాబాద్‌లో మొదలైన ప్రయోగశాలే తర్వాత రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయింది, 1989లో ఐఐసీటీ అయింది. హుస్సేన్ జహీర్ లాంటివాళ్లు నడిపిన ఆ సంస్థలో బొగ్గును తక్కువ వేడిలో కాల్చి పొగరాని ఇంధనం, తారు తీసే పద్ధతుల మీద ఏళ్లతరబడి పనిచేశారు. పైలట్ ప్లాంట్లు కట్టారు. మంచిర్యాల పక్కన నస్పూర్‌లో కోల్ కెమికల్ కాంప్లెక్స్ లేచింది. ఈరోజు సీసీసీ అంటే మంచిర్యాలలో అందరికీ ఒక కూడలిగా తెలుసు, ఆ మూడక్షరాలు ఒక కర్మాగారానివని ఎంతమందికి గుర్తుంది? తారును ఎలా పుట్టించాలో, ఎలా పట్టుకోవాలో తెలుగు నేల మీద తెలిసిన మనుషులు ఉన్నారు. ఆ తెలివిని తరం నుంచి తరానికి అందకుండా వదిలేసిన నేరం ప్రభుత్వాలది.

ఇప్పుడు మందు సంగతి. తారును విరగ్గొట్టాలంటే ఒట్టి వేడితో పన్నెండు వందల డిగ్రీలు కావాలి. ఉత్ప్రేరకం ఉంటే ఏడెనిమిది వందల్లో పని జరుగుతుంది. పరిశ్రమకు బాగా తెలిసిన ఉత్ప్రేరకం నికెల్. అది బలంగానే పనిచేస్తుంది, కానీ బొగ్గులోని గంధకం దాన్ని మొద్దుబారుస్తుంది, మీద కార్బన్ పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. పైగా ఖరీదు. పాడైన నికెల్ పారేయడం ఇంకో తలనొప్పి, ఎందుకంటే నికెల్ సమ్మేళనాలూ కేన్సర్ కారకాలే. డోలమైట్ రాయి చవక, కానీ వేడికి మెత్తబడి పొడైపోతుంది. మిగిలింది కార్బన్. అంటే బొగ్గుకు బొగ్గే మందు.

దాని పనితీరు తెలుసుకుంటే ఎందుకింత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. గాలి తగలకుండా కాల్చిన బొగ్గు నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. తారు ఆవిరి అందులోంచి పోతుంటే బరువైన అణువులు ఆ రంధ్రాల గోడలకు అంటుకుంటాయి, అక్కడే విరుగుతాయి. తేలికైన ముక్కలు గ్యాసుగా ముందుకు పోతాయి, బరువైన ముక్క కోక్‌గా గోడ మీద మిగులుతుంది. ఆ కోక్‌ను నీటి ఆవిరి గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ తినేస్తే గోడ మళ్లీ ఖాళీ అయి కొత్త అణువుకు చోటిస్తుంది. పేరుకునే వేగం, తినే వేగం సమంగా ఉన్నంతకాలం ఆ బొగ్గు పొర పనిచేస్తూనే ఉంటుంది. పేరుకునే వేగం గెలిస్తే రంధ్రాలు పూడిపోతాయి, కథ ముగుస్తుంది. ఒట్టి బొగ్గు ఈ పోటీలో త్వరగా ఓడిపోతుంది. అందుకే దాన్ని మార్చాలి.

మార్చడమంటే మంత్రం కాదు. ఆవిరితో ఇంకా కాల్చి సన్నటి రంధ్రాలను వెడల్పు చేస్తే పెద్ద అణువులు లోపలికి పోగలుగుతాయి. నైట్రిక్ ఆమ్లంతో కడిగితే గోడల మీద ఆక్సిజన్ సమూహాలు మొలిచి లోహాలను గట్టిగా పట్టుకుంటాయి. ఇనుము లవణంలో నానబెట్టి కాలిస్తే కార్బనే ఆ ఇనుము ఆక్సైడును లోహంగా మారుస్తుంది, సన్నటి ఇనుప రేణువులు బొగ్గులో గుచ్చుకుని ఉంటాయి. పొటాషియం, కాల్షియం కలిపితే కోక్‌ను ఆవిరి త్వరగా తింటుంది. ఇవేవీ అరుదైన లోహాలు కావు. పాడయ్యాక ఆ బొగ్గును మళ్లీ గ్యాసిఫయర్‌లోనే వేసి మండించుకోవచ్చు, పాతిపెట్టాల్సిన చెత్త తగ్గుతుంది. ఇదే పొరను ఇంకాస్త మెల్లగా నడిపితే బరువు తారు తేలిక నూనెగా కూడా మారుతుంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వైకింగ్ అనే చిన్న గ్యాసిఫయర్ కట్టెముక్కలతో నడిచింది. మొదట తారు ఆవిరిని కొంత గాలితో మండించి, తర్వాత వేడి బొగ్గు పొరలోంచి పంపారు. బయటికొచ్చిన గ్యాసులో తారు ఘనపు మీటరుకు 15 మిల్లీగ్రాములు కూడా లేదు. పని సాధ్యమేనని తేల్చడానికి ఇంకేం కావాలి?

ఇక్కడ మన ప్రయోగశాలలనూ నిలదీయాలి. తారు విరగ్గొట్టే కార్బన్ మీద వ్యాసాలు కుప్పలుగా వస్తున్నాయి. చాలావాటిలో జరిగేది ఒకటే. వేలెడు క్వార్ట్జ్ గొట్టంలో చిటికెడు ఉత్ప్రేరకం వేసి, తారుకు బదులు స్వచ్ఛమైన టోలుయీన్ ఆవిరి పంపి, కొన్ని గంటలు నడిపి, తొంభై పైచిలుకు శాతం విరిగిందని రాస్తారు. అసలు తారులో టోలుయీన్ తేలికగా లొంగే మనిషి. మొండిఘటం నాఫ్తలీన్. దాని పక్కనే గంధకం ఉంటుంది, దుమ్ము ఉంటుంది, ఎగిరే బూడిద ఉంటుంది. సత్తుపల్లి బొగ్గు నుంచి పుట్టిన నిజమైన తారును వెయ్యి గంటలు భరించి నిలిచిందా? రంధ్రాలు ఎన్నో రోజున పూడాయి? పొటాషియం ఎంత ఎగిరిపోయింది? ఈ ప్రశ్నలకు జవాబిచ్చే ప్రయోగం ఖరీదు, మురికి, పేరు తేదు. కానీ ప్రజల డబ్బుతో నడిచే సంస్థ చేయాల్సింది సరిగ్గా ఆ పనే. ప్రమోషన్ కోసం రాసిన వ్యాసం తారు పైపును శుభ్రం చేయదు.

మా ప్రాంతం ఇవ్వగలిగింది చాలా ఉంది. నూజివీడు నుంచి తిరువూరు దాకా మామిడి తోటలు. పత్తి ఉంది, మొక్కజొన్న ఉంది, కొబ్బరి ఉంది, ఇప్పుడు పామాయిల్ ఉంది. పత్తి కట్టె చేలోనే తగలబెడుతున్నారు. మామిడి టెంకెలు, కొబ్బరి చిప్పలు, మొక్కజొన్న బెండ్లు, నూనె తీసిన ఖాళీ గెలలు దొరికినచోట దొరికినట్టు పోతున్నాయి. కొబ్బరి చిప్పతో చేసే యాక్టివేటెడ్ కార్బన్‌కు ప్రపంచమంతా గిరాకీ ఉందని వ్యాపారులకు తెలుసు. పంట వ్యర్థాల బొగ్గులో పొటాషియం, కాల్షియం పుట్టుకతోనే ఉంటాయి. సింగరేణి బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం ఇసుక, అల్యూమినానే, దానివల్ల తారుకు పెద్ద దెబ్బ తగలదు. ఆ లోటు మా చేలు పూడుస్తాయి. గ్యాసిఫయర్ పెట్టే సంస్థ ఈ వ్యర్థాలను రైతు దగ్గర ధర పెట్టి కొనాలి. చేలో పొగ ఆగుతుంది, రైతు చేతికి నాలుగు డబ్బులొస్తాయి, తారు విరుగుతుంది. ఇంత దగ్గరగా ఉన్న రెండు సమస్యలను కలిపి చూసే కన్ను ఒక్క శాఖకూ లేకపోవడం నాకు మంట పుట్టిస్తోంది.

తారు చెత్త కాదు, సొమ్ము అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో సగం నిజముంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఏడు మీటర్ల ఎత్తున్న కోక్ ఓవెన్ల నుంచి వచ్చే తారుకు విలువుంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే రెయిన్ సంస్థ 2013లో యూరప్‌లోని రూట్గర్స్‌ను కొన్నది. తారును స్వేదనం చేయడంలో 19వ శతాబ్దం నుంచి పేరున్న కంపెనీ అది. తారు నుంచి వచ్చే పిచ్ లేనిదే అల్యూమినియం కర్మాగారాల కార్బన్ ఆనోడ్లు తయారు కావు. కానీ కోక్ ఓవెన్ తారు వేరు, చిన్న గ్యాసిఫయర్ కక్కే తారు వేరు. వెయ్యి డిగ్రీల పైన పుట్టిన మొదటిది ఒక పద్ధతిలో ఉంటుంది, కొనేవాళ్లుంటారు. తక్కువ వేడిలో పుట్టిన రెండోది ఫీనాల్, నీళ్లు, బూడిద కలిసిన బురద. కొనేవాడు దొరకని రోజున అది వాగులోకి పోతుంది. విశాఖ తారును చూపించి వాగులో పారబోసే తారును సమర్థించడం అన్యాయం.

అసలు బొగ్గే వద్దు, ఇంక ఉత్ప్రేరకాలెందుకు అనే మిత్రులూ ఉన్నారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది. బొగ్గు తవ్వడం ఆగాలని నాకూ ఉంది. కానీ గ్యాసిఫికేషన్ కాగితం మీద ఆగిపోలేదు. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసు చేయాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి కేబినెట్ ఆమోదం పడింది. డబ్బు కదిలింది. పైగా రేపు బొగ్గు మానేసి పొట్టు, కట్టె, గెలలతోనే గ్యాసు చేసుకున్నా తారు అక్కడా పుడుతుంది. తారును విరిచే విద్య బొగ్గు పోయాక కూడా అక్కరకొచ్చే విద్య.

భూమి లోపలే బొగ్గును మండించి గ్యాసు పైకి లాగుదామనే ఆలోచన మీద నా కోపం ఇంకా ఎక్కువ. లోతైన పొరలకు ఇదే దారి అంటున్నారు. భూమి లోపల పుట్టిన తారుకు ఏ ఉత్ప్రేరకం పెడతారు? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చించిల్లా దగ్గర లింక్ ఎనర్జీ అనే కంపెనీ ఇదే చేసింది. నేల పాడైంది. చుట్టుపక్కల రైతులు రెండు మీటర్లకు మించి తవ్వకుండా ఆంక్షలు వచ్చాయి. 2016లో ఆ రాష్ట్రం ఈ పద్ధతినే నిషేధించింది. 2018లో కోర్టు కంపెనీని దోషిగా తేల్చి 45 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే కంపెనీ దివాలా తీసింది. జరిమానా కాగితానికి, నష్టం రైతుకు.

మాది బోరు నీళ్ల మీద బతికే మెట్ట. మా నియోజకవర్గంలోని ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో మనుషులు ఏళ్లుగా నలిగిపోతున్నారు. దానికీ బొగ్గుకూ సంబంధం లేదు. కానీ భూగర్భజలం అనుమానంలో పడితే ఒక ఊరు ఎలా బతుకుతుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కళ్లారా చూస్తున్నాం. అలాంటి చోట నీటి పొరల పక్కన తారు పుట్టించే ప్రయోగానికి ఎవరైనా వస్తే, అడ్డం నిలబడటం మా ధర్మం.

కాబట్టి అడగాల్సింది గట్టిగా అడుగుతున్నాను. గ్యాసిఫయర్‌కు అనుమతి అడిగే ప్రతి సంస్థా తన గ్యాసులో ఘనపు మీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల తారు ఉంటుందో ముందే రాసివ్వాలి, నడిచేటప్పుడు కొలిచి ప్రతినెలా తెలుగులో బయటపెట్టాలి. నీళ్లతో కడగడాన్ని శుద్ధిగా లెక్కించడం మానేయాలి, తారును విరగ్గొట్టే పొర ఉంటేనే అనుమతి ఇవ్వాలి. 8,500 కోట్ల పథకంలో ప్రయోగాత్మక, చిన్న ప్లాంట్ల కోసం 600 కోట్లు పెట్టారు. అందులోంచి సింగరేణి బొగ్గు తారు మీద, మన పంట వ్యర్థాల కార్బన్‌తో, వెయ్యి గంటలకు తగ్గకుండా పరీక్షలు చేయించాలి. ఐఐసీటీ, బీహెచ్‌ఈఎల్, సింగరేణి ఒకే బల్ల ముందు కూర్చుని ఆ పని పంచుకోవాలి. పరీక్ష ఓడిపోతే ఓడిపోయిందని ప్రకటించాలి, ఎందుకంటే ఎక్కడ రంధ్రం పూడిందో తెలిస్తేనే తర్వాతి పరీక్ష గెలుస్తుంది. తారు దగ్గర పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్యం ఉద్యోగం మానేశాక కూడా ఏటా పరీక్షించాలి. చింతలపూడి బేసిన్‌లో భూమి లోపల బొగ్గు మండించబోమని చట్టంగా రాయాలి.

ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. పదార్థం మా చేలల్లో ఉంది, విద్య మా హైదరాబాద్‌లో ఉంది, డబ్బు మీ బడ్జెట్‌లో ఉంది. లేనిది ఒక్క షరతు. ఆ షరతు పెట్టడానికి ఒక సంతకం చాలు. అది పెట్టనంతవరకు ఈ ప్రాంతంలో జరిగే ప్రతి ప్రజాభిప్రాయ సేకరణలో మొదటి ప్రశ్న తారు గురించే ఉండాలి. మామిడి రైతైనా, పత్తి రైతైనా, బోరు మీద బతికే ఎవరైనా మైకు అందుకుని అడగాల్సింది ఒక్కటే: ఎన్ని మిల్లీగ్రాములు? అంకె చెప్పలేనివాళ్లకు అనుమతి లేదు.